పన్నెండో అమ్మాయి

సిడ్నీ పడమటి శివార్లలో ఒక యూనివర్సిటీలో, విద్యార్థి సంఘాల ఆఫీసు కౌంటర్ వెనక నేను సగం వయసు గడిపాను. ఈ మధ్యే రిటైరయ్యాను. నా కుర్చీలోకి హారిక అనే అమ్మాయి వచ్చింది. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటుంది, చురుకైన పిల్ల. పని అప్పజెప్పే వారంలో ఆమెకు సంఘాల గదులన్నీ తిప్పి చూపిస్తున్నాను. లాటినా అమ్మాయిల, అంటే దక్షిణ అమెరికా వైపు దేశాల అమ్మాయిల, సంఘం గదిలో గోడకు ఫ్రేము కట్టిన కాగితం ఒకటి ఉంది. దాని మీద పంతొమ్మిది సంతకాలున్నాయి. హారిక దగ్గరికి వెళ్లి చూసి అడిగింది.

"ఆంటీ, ఫస్ట్ లైన్ ఎందుకు ఎంప్టీగా ఉంది? ప్రింటింగ్ మిస్టేకా?"

"తర్వాత చెప్తానమ్మా" అని గదికి తాళం వేశాను. ఆ తర్వాత చెప్పనే లేదు. ఈ ఉద్యోగంలో అసలు ఏం చెయ్యాలో కాస్త రాసివ్వమని కూడా ఆమె అడిగింది. రెండింటికీ కలిపి ఇదే జవాబు. నాకు వచ్చిన ఇంక్రిమెంట్లూ నేను నింపిన రిజిస్టర్లూ ఇందులో ఉండవు. అవి ఎవరికీ పనికిరావు.

పెన్ను కింద పెట్టు

నా పేరు రజియా. మాది నరసరావుపేట. అక్కడ ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో గుమాస్తాగా చేసేదాన్ని. పెళ్లయ్యాక మా ఆయన ఖాదర్ ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చాను. మొదట హారిస్ పార్క్‌లో రెండు గదుల అద్దె ఇల్లు, తర్వాత గిరావీన్‌లో సొంత ఇల్లు. ఈ యూనివర్సిటీలో చేరింది తాత్కాలిక పనికని. అదే రిటైరయ్యేదాకా లాగింది.

ఉద్యోగం పైకి చాలా తేలిక. చదరంగం ఆడేవాళ్లు ఒక సంఘం పెట్టుకుంటామంటారు, బొమ్మల సినిమాలు చూసేవాళ్లు ఇంకొకటి పెట్టుకుంటామంటారు. వాళ్లకు ఫారం ఇవ్వాలి, గది ఇవ్వాలి, తాళంచెవి ఇవ్వాలి, వాళ్లు కొట్టుకుంటే విడదీయాలి. అంతే. మొదటి వారంలోనే నేను తప్పు చేశాను. మన తెలుగు సంఘం పిల్లలు ముగ్గురు ఫారం తెచ్చి తెల్లమొహం వేసుకుని నిలబడ్డారు. నేను దాన్ని లాక్కుని, వాళ్ల ఊళ్లు కనుక్కుంటూ, పది నిమిషాల్లో నింపి ఇచ్చేశాను. మన ఆఫీసుల్లో మంచి గుమాస్తా అంటే అదే కదా.

మార్గరెట్ అని నా పైఅధికారిణి. పొడుగ్గా, ఎండకు కందిపోయిన మొహంతో, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి. ఆమె వెనక నిలబడి అంతా చూసింది. పిల్లలు వెళ్లాక "రజియా, పెన్ను కింద పెట్టు" అంది. ఇంకేం చెప్పలేదు. నాకు తలకొట్టేసినట్టయింది. సాయం చేస్తే కూడా తప్పేనా అని ఇంటికొచ్చి ఖాదర్ దగ్గర గొణిగాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆ తెలుగు సంఘం మూతపడింది. ఫారంలో ఏం రాసి ఉందో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు. సభ ఎప్పుడు పెట్టాలో తెలియదు. అన్నిటికీ నా దగ్గరికే వచ్చేవాళ్లు, నేను సెలవులో ఉంటే రావడం మానేసేవాళ్లు. మార్గరెట్ చెప్పింది అప్పుడు బుర్రకెక్కింది. కానీ చేతులు ఊరుకోవు. చివరి రోజుదాకా ఎవరైనా ఫారం తెస్తే నా చేతులు కౌంటర్ కింద పెట్టుకునేదాన్ని.

పెన్ను సంగతి అలా నేర్చుకున్నాను. నోటి సంగతి నేర్చుకోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పావోలా

కొన్నేళ్ల కిందట ఒక పొద్దున పావోలా కౌంటర్ దగ్గరికి వచ్చింది. కొలంబియా అమ్మాయి, నర్సింగ్ రెండో సంవత్సరం. తెల్లవారుజామున ఆఫీసులు శుభ్రం చేసే పని చేసుకుని, అటు నుంచి అటే క్లాసుకి వచ్చేది. చేతులకు బ్లీచింగ్ వాసన ఉండేది. పొట్టి మనిషి. ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా మాట్లాడేది కానీ ఒక్క ముక్క కూడా వృథాగా మాట్లాడేది కాదు.

"మాకు సొరారిటీ కావాలి" అంది.

సొరారిటీ అంటే అమెరికా కాలేజీల్లో ఆడపిల్లలు పెట్టుకునే అక్కచెల్లెళ్ల సంఘం. ఇక్కడ ఆస్ట్రేలియాలో అలాంటివి దాదాపు లేవు. పావోలా పిన్ని కూతురు అమెరికాలో చదివేటప్పుడు లాటినా అమ్మాయిల సొరారిటీలో ఉండేదట. ఆ పిల్లకి జ్వరం వస్తే గంజి కాచింది వాళ్లే, పరీక్ష పోతే పక్కన కూర్చున్నది వాళ్లేనట. పావోలాకి ఇక్కడ ఎవరూ లేరు. అద్దె ఇంట్లో ఆరుగురితో కలిసి ఉండేది, ఆ ఆరుగురిలో ఎవరికీ ఎవరి ఇంటిపేరూ తెలియదు. కిందటి చలికాలం నిమోనియా వచ్చి నాలుగు రోజులు మంచం దిగకపోతే తలుపు తట్టినవాళ్లు లేరు. ఆ సంగతి ఆమె బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా చెప్పింది. 

అమెరికాలో ఉన్న ఆ పెద్ద సంఘానికి ఆమె అప్పటికే ఉత్తరం రాసింది. వాళ్లు ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. ఏడాదిలోగా పన్నెండుమంది సభ్యులు కావాలి. వాళ్లు ఏటా ఒకసారి ఈ వైపు వస్తారు. ఆ రోజు పన్నెండుమందీ ఎదురుగా నిలబడాలి, యూనివర్సిటీలో చదువుతూ ఉండాలి. అప్పుడే శాఖకు గుర్తింపు పత్రం ఇస్తారు, దాని మీద ఆ పన్నెండుమందీ సంతకాలు చేస్తారు.

నేను ఫారం ఆమె ముందు పెట్టి చేతులు కౌంటర్ కింద పెట్టుకున్నాను. ఆమె నిఘంటువు ముందేసుకుని మూడు రోజులు నింపింది.

అక్కడే మాకు మొదటి తగువు వచ్చింది. ఫలానా దేశం వాళ్లకు మాత్రమే అని ఏ సంఘమూ తలుపు మూసుకోకూడదని మా నియమం. పావోలా మండిపడింది. "ఇండియా సంఘంలో ఇండియావాళ్లే ఉన్నారుగా?" అంది. "ఉన్నారు. కానీ నువ్వు వెళ్తే వద్దనరు" అన్నాను. రెండు వారాలు ముఖం మాడ్చుకుని తిరిగింది. తర్వాత తనే వచ్చి కొత్త వాక్యం రాసిచ్చింది. లాటినా స్త్రీల సోదరి సంఘం ఇది, అక్కగా ఉండడానికీ చెల్లెలిగా ఉండడానికీ సిద్ధపడిన ఏ అమ్మాయైనా రావచ్చు అని. అన్ని సంఘాల ఫారాలు చూసినదాన్ని, అంత మంచి వాక్యం ఇంకెక్కడా చూడలేదు.

అక్క వచ్చి తినాలి

హాస్టల్ గుమాస్తాగా నేను ర్యాగింగ్ చూసినదాన్ని. రాత్రికి రాత్రి పెట్టె సర్దుకుని వెళ్లిపోయిన పిల్లలకు బస్సు ఛార్జీలు ఇచ్చినదాన్ని. అందుకని సొరారిటీ అనగానే నాకు భయమే వేసింది. కొత్తగా చేరేవాళ్లకు ఎనిమిది వారాల పరీక్ష ఉంటుందని పావోలా చెబితే ఇంకా భయం వేసింది. "ఆ ఎనిమిది వారాలూ ఏం చేయిస్తారు?" అని నిలదీశాను.

ఆమె చెప్పింది విన్నాక నా అనుమానానికి నేనే సిగ్గుపడ్డాను. కొత్త అమ్మాయికి ఒక అక్కను ఇస్తారు. వాళ్ల భాషలో ఎర్మానా. ఆ ఎనిమిది వారాలూ ఆ అక్క వారానికొకసారి చెల్లెలితో కలిసి కూర్చుని చదవాలి. ఈలోగా ఏదో ఒక రోజు చెల్లెలు ఉండే చోటికి వెళ్లి ఆమె వండింది తినాలి. రెస్టారెంట్ కుదరదు, క్యాంటీన్ కుదరదు. చెల్లెలు ఎలాంటి చోట ఉంటుందో, ఏం తింటుందో, తలుపు తడితే ఎవరు తీస్తారో అక్క కళ్లారా చూడాలి. ఆ ఎనిమిది వారాలూ ఆ భోజనమూ పావోలా సొంతంగా పెట్టిన నియమాలు, అమెరికావాళ్లవి కాదు. ఎందుకు పెట్టిందో నాకు వేరే చెప్పక్కర్లేదు.

అక్క వెళ్లి చూస్తే ఒక పెరూ అమ్మాయి గ్యారేజీలో పరుపేసుకుని ఉంటోంది. నెలలోపే ఇంకో ఇద్దరితో కలిపి ఆమెకు మంచి గది చూశారు. మా ఆఫీసులో సంక్షేమం పేరుతో పెద్ద పెద్ద పోస్టర్లు వేశాం. గ్యారేజీ సంగతి మాలో ఒక్కరం కూడా కనిపెట్టలేదు.

చిలీ, పెరూ, బ్రెజిల్ అమ్మాయిలు ఒక్కొక్కరే చేరారు. ఒక నేపాలీ అమ్మాయి చేరింది. పదకొండుమంది అయ్యారు. పన్నెండో అమ్మాయి స్ఫూర్తి.

స్ఫూర్తి

స్ఫూర్తి మా గిరావీన్ పిల్లే. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. వాళ్లమ్మ మాధవిది హన్మకొండ, నాకంటే బాగా చిన్నది, నన్ను అక్కా అంటుంది. స్ఫూర్తి ఫిజియోథెరపీ మొదటి సంవత్సరం. ఇక్కడే పుట్టింది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. పెళ్లిళ్లలో, పండగల్లో మూలన ఫోన్ చూసుకుంటూ కూర్చునేది. పలకరిస్తే నవ్వేది, అంతే.

ఆ పిల్ల పావోలా పక్కన నిలబడి సభ్యత్వం ఫారం కౌంటర్ మీద పెడితే నేను కళ్లు పెద్దవి చేసుకుని చూశాను. స్కూల్లో స్పానిష్ నేర్చుకుందట. కొత్త సభ్యుల కోసం వీళ్లు పెట్టిన స్టాల్ దగ్గర రెండు మాటలు మాట్లాడితే పావోలా పట్టుకుని వదల్లేదట.

"నీకెందుకమ్మా ఇది?" అని అడిగాను.

"ఐయామ్ ది ఓన్లీ కిడ్, ఆంటీ. ఐ వాంటెడ్ ఎ సిస్టర్" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మామ్‌కి నేనే చెప్తా, ఓకే?" అంది. ఆ మాట మాత్రం తెలుగులో అంది.

"అలాగే" అన్నాను. అదీ నేనిచ్చిన మాట.

పావోలాయే ఆమెకు అక్క. ఆ తర్వాత స్ఫూర్తి నడక మారింది. లైబ్రరీ ముందు గడ్డిలో ఆ పదకొండుమంది మధ్య కూర్చుని పగలబడి నవ్వుతుంటే నేను కిటికీలోంచి చూసేదాన్ని. నాకు ఎంత సంబరంగా ఉండేదో. అయితే ఒక్కటి మిగిలిపోయింది. మిగతావాళ్లందరి ఇళ్లకూ అక్కలు వెళ్లి భోంచేశారు. స్ఫూర్తి మాత్రం "మామ్ బిజీ", "హౌస్ రెనొవేషన్" అంటూ వాయిదా వేస్తోంది. ఆ పన్నెండుమందిలో తల్లి ఇదే ఊళ్లో ఉన్నది ఆ పిల్లకొక్కదానికే. చెప్పడానికి భయపడిందీ ఆ పిల్లే.

మిఠాయి కొట్లో

అమెరికా నుంచి పెద్దవాళ్లు రావడానికి ఇంకా అయిదు వారాలుంది. శనివారం పొద్దున హారిస్ పార్క్‌లో మిఠాయి కొట్లో వరసలో నిలబడ్డాను. నా ముందు మాధవి. ఆమె ముందు మన తెలుగువాళ్లే ఇద్దరు ఆడవాళ్లు, నాకు ముఖపరిచయం ఉన్నవాళ్లు. పిల్లల మాటలొచ్చాయి. ఒకావిడ తన కూతురు నాట్యం గురించి, ఇంకొకావిడ తన కొడుకు ర్యాంకు గురించి చెప్పుకుపోతున్నారు. మాధవి చిన్నబుచ్చుకున్న మొహంతో నా వైపు తిరిగి అంది.

"మా పిల్లకు ఎవ్వరు దోస్తులే లేరు. ఎప్పుడు జూసిన రూముల తలుపేసుకోని ఉంటది. నాకైతే మస్తు రంది ఐతుంది అక్కా."

నేను ఆగలేకపోయాను. ఆ పిల్లను తక్కువ చేసి మాట్లాడుతుంటే ప్రాణం చివుక్కుమంది. "ఎవరన్నారు మాధవీ దోస్తులు లేరని? మా యూనిలో పదకొండుమంది అక్కల మధ్య రాణిలా తిరుగుతోంది నీ కూతురు. లాటినా సొరారిటీలో చేరింది. వచ్చే నెల సంతకాల పండగ కూడా ఉంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు" అన్నాను. గర్వంగా అన్నాను. నా సొంత మేనకోడలి గురించి చెప్పినట్టు చెప్పాను.

ముందున్నావిడ ఠక్కున వెనక్కి తిరిగింది. "సొరారిటీనా? సినిమాల్లో చూపిస్తారే, తాగి చిందులేస్తారు, అదేనా?" అంది. రెండో ఆవిడ కూడా తిరిగి మాధవి మొహంలోకే చూసింది.

మాధవి నన్ను అడిగింది, "ఎన్నొద్దులాయె అక్కా చేరి?"

అప్పుడు నాలిక్కరుచుకున్నాను. కొట్టువాడు ఏం కావాలని అడిగితే మాధవి వినిపించుకోలేదు. ఏమీ కొనకుండా వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున మా ఆఫీసుకు స్ఫూర్తి నుంచి మెయిల్ వచ్చింది. సభ్యత్వం మానుకుంటున్నాను అని ఒకటే వాక్యం. కింద పేరు కూడా లేదు.

మార్గరెట్ అడిగిన ప్రశ్న

నేను వెంటనే మార్గరెట్ గదికి వెళ్లి జరిగింది చెప్పాను. నిజం చెప్పాలంటే సగం సమర్థించుకుంటూనే చెప్పాను. మన పిల్ల, మన వీధి పిల్ల, వాళ్లమ్మ బాధపడుతోంది, మంచి మాటే కదా చెప్పింది అని.

మార్గరెట్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పావోలా తల్లి నీకు ఎదురుపడి ఉంటే ఆమెకు చెప్పేదానివా?"

"లేదు. విద్యార్థి విషయం బయటివాళ్లకు చెప్పకూడదు" అన్నాను.

"మరి స్ఫూర్తి ఎవరు?" అంది.

 పద్దెనిమిది దాటిన ఏ విద్యార్థి సంగతీ వాళ్ల అనుమతి లేకుండా తల్లిదండ్రులకు కూడా చెప్పకూడదని ఏడాదికోసారి మాకు పాఠం చెబుతారు. నేను కూడా ఆ పాఠం ఇతరులకు చెప్పాను. కొలంబియా పిల్ల, నేపాలీ పిల్ల, చైనా పిల్ల, వీళ్లందరి విషయంలోనూ తు.చ. తప్పకుండా పాటించాను. స్ఫూర్తి దగ్గరికొచ్చేసరికి ఆ నియమం నాకు గుర్తే రాలేదు. ఆ పిల్ల నా కంటికి విద్యార్థి కాలేదు, మాధవి కూతురే అయింది. మిగతా పిల్లలకు దక్కిన మర్యాద మన పిల్లకు నా చేతుల్లో దక్కలేదు. మన పిల్లలు ఎదురైతే ఒకటికి రెండుసార్లు జాగ్రత్తపడు హారికా. మనవాళ్లన్న ప్రేమతోనే మనం హద్దు దాటతాం, దాటినట్టు కూడా తెలియదు.

మార్గరెట్ రాతపూర్వకంగా నా మీద ఒక నోట్ పెట్టింది. పెట్టాల్సిందే. తర్వాత, "పావోలాకి నువ్వే చెప్పు. ఇంకొకరి ద్వారా తెలియనివ్వకు" అంది.

లైబ్రరీ ముందు బెంచీ మీద పావోలాకి చెప్పాను. ఆమె అరవలేదు. వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. కొత్త అమ్మాయిని చేర్చుకుందామంటే ఎనిమిది వారాలు కావాలి, ఉన్నది అయిదే. ఆ నియమం తను పెట్టిందే. దాన్ని తను మార్చదని నాకు తెలుసు. ఇంకో సంగతి కూడా మా ఇద్దరికీ తెలుసు. అది ఆమె చదువులో ఆఖరి ఏడు. ఈసారి తప్పితే మళ్లీ ఏడాదికి ఆమె విద్యార్థిని కాదు, సంతకం పెట్టే హక్కు ఉండదు.

"నేను ఆ ఇంటికి వెళ్లి భోంచేయాలి" అంది.

"నేను కారులో తీసుకెళ్తాను. నేనూ వచ్చి మాధవితో మాట్లాడతాను" అన్నాను.

"వద్దు. మీరు రావద్దు" అంది. లేచి వెళ్లిపోయింది. అంత సూటిగా ఆ వయసు పిల్ల నన్ను ఎప్పుడూ అనలేదు. ఆ మాట నాకు తగిందే.

గిరావీన్‌లో భోజనం

పావోలా టూంగాబీ స్టేషన్లో రైలు దిగి నడుచుకుంటూ వెళ్లిందట. అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత స్ఫూర్తి చెబితే తెలిసింది. మాధవి తలుపు తీసి లోపలికి రమ్మంది. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు పెట్టింది. పావోలా చేత్తో తిన్నది, రెండోసారి అడిగి వేయించుకున్నది. తను చేసే పని గురించి, వాళ్ల ఊరి గురించి, నిమోనియా గురించి చెప్పింది. మాధవి అంతా విన్నది. చివరికి, "నువ్వు మంచి పిల్లవమ్మా. కానీ మా పిల్ల మాకు చెప్పకుంట జేరింది. ఇప్పుడు వద్దు" అందట. స్ఫూర్తి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. చెబుతూ ఏడ్చిందట.

పావోలా గిన్నె కడిగిపెట్టి, థాంక్స్ చెప్పి, మళ్లీ నడుచుకుంటూ స్టేషన్‌కి వెళ్లింది.

అయిదు వారాల తర్వాత అమెరికా నుంచి ఇద్దరు పెద్దావిడలు వచ్చారు. పదకొండుమంది తెల్ల బట్టల్లో వరసగా నిలబడ్డారు. వాళ్లు ఎంతో ఆదరంగా మాట్లాడారు, వంటలు తిన్నారు, ఫొటోలు దిగారు. కానీ నియమం నియమమే. పన్నెండుమంది లేరు, వచ్చే ఏడు వస్తాం అన్నారు. తెచ్చిన గుర్తింపు పత్రాన్ని గుండ్రంగా చుట్టి మళ్లీ గొట్టంలో పెట్టుకున్నారు. వాళ్ల సూట్‌కేసులు టాక్సీదాకా మోసింది పావోలాయే. నేను కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. వెళ్లి ఒక సూట్‌కేసైనా అందుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

పంతొమ్మిదిమంది

సంఘం విడిపోతుందనుకున్నాను. విడిపోలేదు. పావోలా మిగిలిన నెలలన్నీ ఒక్కొక్కరికీ పని నేర్పింది. సభ నడపడం ఒకరికి, ఉత్తరాలు రాయడం ఒకరికి, కొత్తవాళ్ల ఇళ్లకు వెళ్లే వంతులు వేయడం ఇంకొకరికి. తను లేకపోయినా నడవాలన్నట్టు నేర్పింది. నేను తెలుగు సంఘానికి చెయ్యనిది అదే. చదువైపోయాక ఆమెకు డబ్బో అనే ఊరి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సిడ్నీ నుంచి బస్సులో పగలంతా ప్రయాణం. వెళ్లేముందు అందరితో పాటు నాకూ చెయ్యి కలిపింది. నేను క్షమించమన్నాను. తల ఊపింది. దాని అర్థం ఏమిటో నేను అడగలేదు.

ఆ తర్వాతి సెమిస్టర్లో స్ఫూర్తి మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చింది. చేతిలో ఫారం. నన్ను చూసి, "మామ్ నోస్" అంది. నేను నోరెత్తలేదు. ఫారం తీసుకుని ముద్ర వేశాను.

ఈసారి పెద్దావిడలు వచ్చేసరికి పంతొమ్మిదిమంది ఉన్నారు. పన్నెండో మనిషి కోసం ఎవరూ వేళ్ల మీద లెక్కపెట్టుకోనక్కర్లేకపోయింది. పావోలా సెలవు పెట్టుకుని డబ్బో నుంచి వచ్చింది. అతిథుల కుర్చీల్లో కూర్చుంది. నేను వెనక వరసలో కూర్చుంటే మాధవి వచ్చి పక్కన కూర్చుంది. కొట్లో ఆ శనివారం తర్వాత ఆమె నాతో మాట్లాడడం అదే మొదటిసారి.

"మాధవీ, ఆ రోజు నేను..." అన్నాను.

"నువ్వు చెప్పినందుకు గాదక్కా నాకు కోపం" అంది. "గా ఇద్దరి ముందట చెప్పినవు. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు చెప్తె ఇంటికి వొయ్యి పిల్లను కూసోబెట్టుకోని అడుగుతుంటి. పిల్ల గూడ చెప్తుండె. వాళ్లిద్దరు నా మొకం దిక్కే జూస్తుంటే నేను తల్లిగా ఏదో ఒకటి చెయ్యాలె గద? చేసిన. గా పిల్ల మా ఇంట్ల రెండుసార్లు అన్నం అడిగి తిన్నది అక్కా. గట్ల పంపించిన. ఇప్పటికి గుర్తొస్తె పానం ఒక్కతీరుగ ఉండదు."

ఇన్నాళ్లూ నేను మాధవిని ఇరుకు మనసు మనిషి అనుకున్నాను. అలా అనుకుంటే నా తప్పు కొంచెం చిన్నదిగా కనబడేది. ఆమె కూతురికి అడ్డుపడింది నా మాటేగానీ ఆమె మనసు కాదని ఆ రోజు తెలిసింది.

పత్రం బల్ల మీద పరిచారు. కార్యదర్శిగా మొదట సంతకం చేయాల్సింది స్ఫూర్తి. పెన్ను తీసుకుని మొదటి గీత మీద కాసేపు ఆగింది. తర్వాత చెయ్యి కిందికి జరిపి రెండో గీత మీద సంతకం చేసింది. అమెరికా ఆవిడ ఏదో అనబోయి, పిల్లల మొహాలు చూసి ఊరుకుంది. మిగతా పద్దెనిమిదిమందీ ఆ కిందే చేశారు. పావోలా లేచి వచ్చి స్ఫూర్తి భుజాల మీద తెల్ల శాలువా కప్పింది. అక్క చెయ్యాల్సిన పని అది, దానికి విద్యార్థిని కానక్కర్లేదు. అప్పుడు మాధవి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

ఇంటికెళ్లి అడుగు

కిందటి నెల అదే మిఠాయి కొట్లో ఒకావిడ నన్ను పట్టుకుంది. "ఆంటీ, మీరు యూనిలోనే కదా చేసేవారు, మా అమ్మాయి అక్కడే. ఎలా ఉంటోందండీ, ఎవరితో తిరుగుతోంది?" అంది. నాకు ఆ అమ్మాయి తెలుసు. ఎలా ఉంటోందో, ఎవరితో తిరుగుతోందో కూడా తెలుసు. మంచి సంగతే. చెబితే ఆ తల్లి మొహం వెలిగిపోతుంది.

"అమ్మాయినే అడుగమ్మా. ఇంటికెళ్లి తీరిగ్గా కూర్చోబెట్టుకుని అడుగు" అన్నాను. ఆవిడకు నచ్చలేదు. ముసల్దానికి పొగరు అనుకుని ఉంటుంది. అనుకోనీ.

పావోలా ఇప్పటికీ డబ్బోలోనే ఉంది. పిల్లలకు ఏటా శుభాకాంక్షలు పంపుతుంది. కొత్తగా చేరేవాళ్లు ఆమెను చూసి ఉండరు, అయినా చెల్లెలి ఇంటికి వెళ్లి తినే నియమం మాత్రం ఎవరూ వదల్లేదు.

హారికా, ఆ కాగితం మీద మొదటి గీత ఎందుకు ఖాళీగా ఉందని అడిగావు. అది అచ్చువేసినవాళ్ల పొరపాటు కాదు. అక్కడ పావోలా పేరుండాలి. ఆ శనివారం వరసలో నిలబడి నేను ఒక్క మాట మింగి ఉంటే, ఉండేది.